నాలుగో మీటరు

ఆనందం సేటు షెడ్డులో గోడలు కడుతున్నప్పుడు సాంచాలు ఆగలేదు. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచ అంటారు. పదహారు సాంచాలు డబడబా కొట్టుకుంటూనే ఉన్నాయి, వాటి నడుమ మేస్త్రీలు దారం పట్టి ఇటుకలు పేర్చుకుంటూ పోయారు. నేసే బట్ట మీద సిమెంటు దుమ్ము పడకుండా రాజమణి ఇంటి నుంచి పాత చీరలు తెచ్చి కప్పింది. అది ఆమె పని కాదు. ఆమె పని కండెలు చుట్టడం, అంటే బట్ట అడ్డం అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే నూలును చిన్న చిన్న పుల్లలకు ఎక్కించడం. కానీ ఆ పదహారింటిలో నాలుగు సాంచాలను నడిపేది ఆమె భర్త దశరథం. బట్ట మీద మరక పడితే మాట పడేది అతనే.

మూడు గోడలు లేచేసరికి ఒక్క షెడ్డు నాలుగు రూములైంది. సాంచాలు బాగుచేసే యూసుఫ్ తన పానాల సంచి కింద పెట్టి కొత్త గోడను పైకీ కిందికీ చూశాడు.

"ఏంది సేటూ గిది? అన్నదమ్ముల పంపకమా?"

"పంపకమే అనుకో," అన్నాడు ఆనందం. "పదిమంది పనిచేస్తే కార్ఖానా అంటరట. కార్ఖానా అంటే ఇన్‌స్పెక్టరు, హాజరు, పి.ఎఫ్. కరెంటోళ్ళేమో చిన్నోళ్ళకైతేనే రేటు తగ్గిస్తమంటున్నరు. మొన్న అన్నలు బయటి గోడకు కాయితం అతికిచ్చి పోయిండ్రు, పెద్ద సేట్లు పద్ధతి మార్చుకోవాలె అని. నేను అందరి మాటా ఇన్న. ఇగ పెద్ద సేటు లేడు. నలుగురు చిన్నోళ్ళున్నరు."

"సర్కారు మాట, అన్నల మాట ఒక్క తాపీతోని ఇన్నవు. నువ్వు ఉస్తాద్‌వి సేటూ," అని యూసుఫ్ సలాం కొట్టాడు. అందరూ నవ్వారు. రాజమణి కూడా నవ్వింది.

రూముకో మీటరు కావాలి, మీటరుకో పేరు కావాలి. మొదటిది సేటు భార్య పేర, రెండోది తల్లి పేర, మూడోది బామ్మర్ది పేర రాయించారు. నాలుగో పేరు కోసం ఆనందం స్వయంగా దశరథం ఇంటికి వచ్చాడు, చేతిలో రవికె గుడ్డ, పండ్ల సంచి పట్టుకొని.

"మా ఇంట్ల ఇంకెవరు లేరు చెల్లె. బయటోళ్ళ పేరు పెట్టాలంటే నమ్మకం ఉండాలె. నువ్వైతే కండె పుల్ల కిందపడ్డా ఏరి పెడ్తవు."

"మీటరు నా పేరు మీద ఉంటే సాంచాలు ఎవరియి అన్నా?" అని రాజమణి అడిగింది.

"సాంచాలు నాయే. నూలు నాదే. మీటరొక్కటి నీది. పేరుకు."

ఆమె ఇంకో ప్రశ్న అడగాలనుకుంది. ఈలోగా దశరథం ముఖం చూసింది. ఆ ముఖంలో వెలుగు పెళ్ళయినప్పటి నుంచి ఎన్నడూ చూసినది కాదు. దశరథం తండ్రి గుంట మగ్గం మీద కూర్చుని నేసి నేసి, కాళ్ళు చాపడం మరచిపోయినట్టే పోయాడు. కొడుకు సాంచాల మీదికి వచ్చినా కూలీయే. సిరిసిల్లలో కూలీకి పైన, సేటుకు కింద ఆసామి అని ఒక మెట్టు ఉంది. సొంత సాంచాలు నాలుగో ఆరో పెట్టుకొని, సేటు ఇచ్చే నూలు నేసి ఇచ్చేవాణ్ణి ఆసామి అంటారు. ఆ మెట్టు ఎక్కినవాడు దశరథం వంశంలో లేడు. ఇప్పుడు మీటరు వస్తోంది. సాంచాలు లేకపోతేనేం, మీటరుంది.

మీటరు బిగించిన రోజున రాజమణి దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. గాజుపలక వెనక చక్రం తిరగడం మొదలుపెడితే దశరథం చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

"నీ పేరు మీద తిరుగుతుందే," అన్నాడు.

తప్పు జరిగింది ఆ తర్వాత. మార్కండేయ గుడి దగ్గర కులపెద్దలు కూర్చున్నప్పుడు, ఆసాములు జంపఖానా మీదికి రండి అని ఎవరో పిలిచారు. పక్కవాడు దశరథాన్ని మోచేత్తో పొడిచాడు. "పో, నీ ఇంట్ల మీటరున్నది కద." దశరథం సిగ్గుపడుతూనే వెళ్ళి జంపఖానా కొసన కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఊరుకోలేదు. మర్నాడు కార్మిక సంఘం ఆఫీసుకు పోయి తన పేరు కొట్టించుకొని వచ్చాడు.

రాజమణి చాటలో బియ్యం ఏరుతోంది. "గట్ల చేయుమని సేటు అన్నడా?"

"సేటెందుకంటడు? ఒక దిక్కు ఆసామి అనిపిచ్చుకొని, ఇంకో దిక్కు కార్మికుల్ల ఉండుడు న్యాయమేనా? మనకు తెల్వదా?"

"మనకు సాంచాలున్నయా?"

"మీటరున్నది గదనే!"

ఆమె చెయ్యి చాటలోనే ఆగిపోయింది. ఎవరూ అడగని న్యాయం, ఎవరికీ అక్కర లేని న్యాయం. కానీ మనిషి అంత సంతోషంగా ఉన్నాడు. ఆమె మళ్ళీ బియ్యం ఏరింది.

ఆ చలికాలం నుంచి ఆనందం నోట బొంబాయి మాట తప్ప ఇంకో మాట లేదు. బొంబాయిలో నూలు రేటు పెరిగింది. బొంబాయిలో బట్ట రేటు పడింది. బజారు తెరిచారట, ఎక్కడెక్కడి మిల్లుల బట్టో వచ్చి పడుతోందట. సూరత్‌లో ఒక్క మనిషి ఎన్నెన్నో సాంచాలు నడుపుతున్నాడట. ఈ మాటలన్నీ తిరిగి తిరిగి చివరికి షెడ్డులోకి వచ్చి ఆగాయి: ఇక మీద మనిషికి నాలుగు కాదు, ఎనిమిది.

ఎనిమిది నడపాలంటే ఒక రూములో నాలుగు, పక్క రూములో నాలుగు. నడుమ గోడ. ఒకనాడు పొద్దున మేస్త్రీలు మళ్ళీ వచ్చారు. కట్టిన చేతులే ఆ గోడకు పెద్ద రంధ్రం పొడిచి దర్వాజ చేశాయి. తలుపు పెట్టలేదు. గోనె పట్టా వేలాడదీశారు.

"చట్టానికి గోడ, పనికి తొవ్వ," అన్నాడు యూసుఫ్, ఇటుక ముక్కలు కాలితో పక్కకు నెట్టుతూ. ఈసారి ఎవరూ నవ్వలేదు. సగం మంది పోవాలని అందరికీ తెలిసిపోయింది.

దశరథం నడిపే నాలుగు సాంచాలు, పక్క రూములోని నాలుగు కలిపి రాజంకు ఇచ్చారు. రాజం వయసులో చిన్నవాడు, కాళ్ళలో సత్తువ ఉన్నవాడు. ఇద్దరు చిన్నపిల్లలు. దశరథం ఏమీ అనకముందే ఆనందం అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"నీకేంది దశరథం, ఆసామివి! మిగితోళ్ళ సంగతే నాకు రంది."

దశరథం తువ్వాలు దులిపి భుజాన వేసుకొని ఇంటికి వచ్చాడు. రాజమణి మాత్రం మర్నాడూ అదే రూముకు పోయి, గోడవారన కూర్చుని రాజం కోసం కండెలు చుట్టింది. ఆమె పేరు మీద మీటరు తిరుగుతూనే ఉంది. శుక్రవారం ఆమె పెట్టిన బొట్టు దాని మీద ఎండిపోయి ఉంది.

దశరథం రోజూ స్నానం చేసి, అన్నం తిని, పనికి పోయే వేళకు అరుగు మీద కూర్చునేవాడు. ఎవరైనా "ఏం ఆసామీ" అని పలకరిస్తే లోపలికి వెళ్ళిపోయేవాడు.

ఆ వారంలోనే రాజమణి అక్క మల్లక్క కోరుట్ల నుంచి వచ్చింది. మల్లక్క బీడీలు చేస్తుంది. చుట్టంగా వచ్చినా ఒళ్ళో చాట లేకుండా కూర్చోదు. తునికాకు కత్తిరిస్తూనే చెల్లెలి గోడు వింది, దారం చుడుతూనే కోపం తెచ్చుకుంది.

"నాకు సమజైతలేదే రాజీ. నేను నా ఇంట్ల, నా అరుగు మీద, నాకు బుద్ధైనప్పుడు చేస్త. నన్నేమో కార్మికురాలు అన్నరు. కార్డు ఇచ్చిండ్రు, పి.ఎఫ్. కట్టిండ్రు. కండ్లు మంటలు లేస్తే కార్డు పట్టుకొనే జగిత్యాల దవాఖానకు పోయొచ్చిన. నువ్వు పొద్దు పొడవంగనే ఇంకొకని కార్ఖానకు పోయి, వాని కుర్సీ ముంగట కూసోని చేస్తవు. నిన్నేమో ఆసామి అంటున్నరు. ఎవడే గీ చదువు చదివిచ్చింది వీళ్ళకు?"

"మెల్లగ మాట్లాడు అక్కా. ఆయన ఇంటడు."

"ఇననీ! ఇనాల్ననే అంటున్న. ఏం మరిదీ, జంపఖానా మెత్తగున్నదా?"

అరుగు మీద దశరథం గల్లీ వైపు తిరిగి కూర్చున్నాడు. మల్లక్క నాలుక కరుచుకొని బీడీ మూతి మడిచింది. కాసేపటికి గొంతు తగ్గించి అంది, "సంఘమోళ్ళు అర్జీ పెట్టిండ్రట కదనే. లేబర్ ఆఫీసరు వస్తున్నడని బస్సుల అనుకుంటున్నరు. ముంగటికి పో. భయపడకు. ఎవరు ఎవరికి కూలి ఇచ్చిండ్రో చెప్పు, అంతే."

రాజమణి ఆ మాట పట్టుకుంది. అది నిజం కదా. నిజానికి ఇంకేం కావాలి?

ఆఫీసరు జీపులో వచ్చాడు, వెంట తుపాకులతో ఇద్దరు పోలీసులు. ఆ రోజుల్లో సర్కారు మనిషి సిరిసిల్ల వైపు వచ్చాడంటే నక్సలైట్ అన్నల భయానికి పొద్దుండగానే వెళ్ళిపోవాలి. అతని చూపు సాంచాల మీద కంటే చేతి గడియారం మీదే ఎక్కువ ఉంది. అయినా మర్యాదస్తుడు. అందరినీ కూర్చోమన్నాడు. షెడ్డులో కూర్చునే చోటు లేదు కాబట్టి అందరూ నిలబడే ఉన్నారు. ఆగిన సాంచాల మధ్య మాట వినిపించడం రాజమణికి కొత్తగా ఉంది.

సంఘం వాళ్ళు ఇచ్చిన పేర్లను ఆఫీసరు ఒక్కొక్కటే పిలిచాడు. తీసేసినవాళ్ళు ఒక్కొక్కరే ముందుకు వచ్చారు. దశరథం పేరు అందులో లేదు. అది ఉండదని రాజమణికి తెలుసు. అందుకే కొంగు నడుముకు దోపి తనే ముందుకు నడిచింది.

"సార్, మా ఆయనను సుత తీసేసిండ్రు. గీ రూంల గీ నాలుగు సాంచాలు నడిపేటోడు."

"ఎవరు తీసేశారమ్మా?"

"ఆనందం సేటు."

ఆఫీసరు ఆనందం వైపు తిరిగాడు. ఆనందం చేతులు కట్టుకొని, ఎంతో వినయంగా, "గా రూంతోని నాకు సంబంధం లేదు సార్. నాలుగు రూములు నలుగురియి. మీటరు సూడుండ్రి," అన్నాడు.

ఆఫీసరు మీటరు దగ్గరికి పోయాడు. వెంట తెచ్చిన కాగితంతో పోల్చి చూశాడు. బొట్టు కూడా చూశాడు.

"రాజమణి అంటే?"

"నేనే సార్."

"ఈ మీటరు మీదేనా?"

"నా పేరు మీద ఉన్నది. కాని సార్..."

"ఈ బొట్టు పెట్టింది?"

"నేనే."

అతను నుదురు రుద్దుకున్నాడు. "చూడమ్మా, రూము మీది, మీటరు మీది. మీ రూములో పనిచేసే మనిషిని పక్క రూము ఆయన ఎలా తీసేస్తాడు? లెక్క ప్రకారం మీ ఆయన్ని పనిలోంచి తీసేసింది మీరే."

ఎవరో కిసుక్కున నవ్వారు. పోలీసు కూడా నవ్వు ఆపుకోలేక తుపాకీ భుజం మార్చుకున్నాడు. రాజమణి గొంతు పెంచింది.

"నాకు కూలి ఇచ్చేది సేటు సార్. కండెలకు నూలు ఇచ్చేది సేటు. గీడ ఎవరినన్న అడుగుండ్రి. రాజం తమ్మీ, చెప్పరాదు!"

రాజం తల దించుకొని బొటనవేలితో నేల గీశాడు. ఆమెకు అతని మీద కోపం రావాలి. రాలేదు. ఎనిమిది సాంచాల వెనక ఆ ఇంట్లో ఎన్ని నోళ్ళున్నాయో ఆమెకు తెలుసు.

"అయితే మరి గీ దర్వాజ ఏంది సార్?" అని ఆమె గోనె పట్టాను ఒక్క గుంజు గుంజింది. పట్టా ఊడి చేతిలోకి వచ్చింది. "నలుగురియైతే నడుమ తొవ్వ ఎందుకు?"

ఆఫీసరు దర్వాజ చూశాడు. అతనికి అర్థం కాలేదని కాదు. అర్థమైందని అతని ముఖమే చెప్పింది. ఆ ముఖం చూసి ఆమెకు ఒక్క క్షణం ఆశ పుట్టింది.

"మంచినీళ్ళకు అచ్చిపోతరు సార్," అన్నాడు ఆనందం. "పక్కపక్క ఇండ్లోళ్ళం కద."

ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. "పక్కపక్క వాళ్ళు దర్వాజ పెట్టుకోకూడదని చట్టంలో లేదమ్మా," అని నెమ్మదిగా అన్నాడు. "మీ ఆయన సంఘంలో ఉండి ఉంటే ఏదో రాసేవాణ్ణి." జీపు దుమ్ము లేపుకుంటూ కరీంనగర్ వైపు పోయింది.

సాంచాలు మళ్ళీ మొదలయ్యాయి. రాజమణి కండెల దగ్గరికి పోలేదు. గోడకున్న మీటరు ముందు నిలబడింది. చక్రం తిరుగుతోంది, నిదానంగా, ఎవరితోనూ పని లేనట్టు. ఆమె మెయిన్ బంద్ చేసి, కింది డబ్బాలోని తెల్లటి పింగాణీ ఫ్యూజులు మూడింటినీ ఒక్కొక్కటే ఊడదీసి కొంగులో మూట కట్టుకుంది. రూములో నాలుగు సాంచాలు ఒక్కసారిగా ఆగిపోయాయి. దర్వాజ అవతల నాలుగు మాత్రం కొట్టుకుంటున్నాయి.

ఆనందం పరుగున వచ్చాడు. "ఏమైంది? కరెంటు పోయిందా?"

"పోలే. ఆసామి బంద్ పెట్టింది."

"ఎవరు?"

"నేనే అన్నా. ఆఫీసరు సారు చెప్పిండు కద. రూం నాదట, మీటరు నాదట. మా ఆయనను నేనే తీసేసిన్నట. ఇప్పుడు నేనే పెట్టుకుంటున్న. ఆయన నాలుగు ఆయనకు, రాజం నాలుగు రాజంకు. గట్లైతే ఫ్యూజులు పెడ్త."

ఆనందం యూసుఫ్‌ను కేకేశాడు. "అవుతలి మీటరు కాడికెళ్ళి ఓ వైరు గుంజు."

యూసుఫ్ గడ్డం గోక్కున్నాడు. "గుంజుత సేటూ, నాదేం పోయింది. కాని రెండు రూములకు ఒక్కటే వైరు అయితే మల్ల ఒక్కటే షెడ్డు అయితది కద. రేపు కరెంటోడు అచ్చి సూస్తే? ఇంత కష్టపడి గోడ కట్టిచ్చినవు." అతని గొంతులో నవ్వు దాగి ఉంది. రాజమణికి ఆ పూట అంతా కలిపి దొరికిన సంతోషం అదొక్కటే.

ఆనందం ఆమె మీద అరవలేదు. అది ఆమె అనుకోలేదు. అతను ఆగిన సాంచ మీద చెయ్యి ఆనించి, చెల్లెలికి లెక్కలు నేర్పుతున్నట్టు మాట్లాడాడు.

"రాజమణీ, ఆపుడు నీ చేతుల ఉన్నది. ఒప్పుకుంట. నడుపుడు నీ చేతుల ఉన్నదా? నూలు నాది. రేపు గీ నాలుగింటి మీద నూలు కోసుకొని పోత. సాంచాలు సుత ఇప్పుకొని పోత. నీకు నీ మీటరు మిగులుతది, గోడకు. బొట్టు పెట్టుకుంట కూసో." ఆగి, దర్వాజ వైపు చూశాడు. "దశరథంను పెట్టుకోవాల్నా? పెట్టుకుంట. మంచి పనోడే. కాని ఎనిమిది మీద. రాజంను తీసేస్త. ఆసామివి నువ్వే కద, గా మాట రాజంకు నువ్వే చెప్పు."

రాజం దర్వాజలో నిలబడి ఉన్నాడు. ఒక కాలు చప్పుడు ఉన్న రూములో, ఒక కాలు చప్పుడు లేని రూములో. మాటలు వినపడ్డాయో లేదో, ఆమె వైపు చూసిన చూపు మాత్రం ఆమె ఎరిగినదే. పని పోయిన నాడు తన భర్త ఆనందం వైపు చూసిన చూపు అది. అంతకుముందు ఎవరూ రాజమణిని అలా చూడలేదు.

ఆమె రాజం దగ్గరికి వెళ్ళింది.

"తమ్మీ, నిన్ను తీసేసి మా ఆయనను పెట్టుకుంట అంటున్నడు సేటు. అది నా నోటితోని చెప్పుమంటున్నడు. నాకు రాదు గా పని."

"వదినె, నాకు ఎనిమిది వద్దు," అన్నాడు రాజం గబగబా. "నాలుగు అన్నకియ్యి. కాళ్ళు గుంజుతున్నయ్, రాత్రి పండుకుంటే సుత నడిచినట్టే ఉంటది. సేటూ, చెరి నాలుగు..."

"చెరి నాలుగైతే మీరిద్దరు వద్దు," అన్నాడు ఆనందం. "ఎనిమిది నడిపేటోళ్ళు చౌరస్తాల మస్తుమంది నిలబడ్డరు."

గోడకు అవతల సాంచాలు కొట్టుకుంటూనే ఉన్నాయి. ఇటు చూస్తే సేటు, అటు చూస్తే రాజం, చౌరస్తాలో ఇంకెవరెవరో. ఎక్కడ లాగినా ఇంకొకడి కంచం కదులుతోంది. ఆనందాన్ని తిట్టాలన్నా ఏ మాటతో మొదలుపెట్టాలో ఆమెకు తెలియలేదు. అతను అబద్ధం ఏమీ చెప్పలేదు, గోడ తప్ప.

రాజమణి కొంగు ముడి విప్పింది. ఆనందం చెయ్యి చాపాడు. ఆమె ఆ చేతిని దాటి ఫ్యూజులు మూడూ రాజం చేతిలో పెట్టింది.

"నువ్వే పెట్టుకో తమ్మీ. నేను పెట్ట."

ఇంటికి వచ్చేసరికి దశరథం ట్రంకు పెట్టె కిందికి దింపుకున్నాడు. మల్లక్క అరుగు మీద బీడీలు కట్టలు కడుతోంది. ఎవరో ముందే వచ్చి జరిగినదంతా చెప్పారు.

"బొంబాయి దిక్కు భీవండికి పోత," అన్నాడు దశరథం. "మా మేనమామ కొడుకు మార్కండేయులు ఆడ్నే ఉన్నడు. ఆడ మీటర్లు గీటర్లు అడుగరట. చేతులు ఉంటె సాలు."

"నన్ను ఆసామిని చేసి నువ్వు కూలికి పోతవా?"

అనేసి, అతని ముఖం చూడలేక ఆమె పొయ్యి దగ్గరికి పోయింది. దశరథం అంగీలు మడతపెడుతూ ఉండిపోయాడు. మల్లక్క ఒళ్ళోని చాట తీసి పక్కన పెట్టింది. ఆమె ఒళ్ళో చాట లేకుండా కూర్చోవడం రాజమణి చూడటం అదే మొదటిసారి.

ఆనందం షెడ్డు వాళ్ళ గల్లీ చివర ఉంటుంది. సాంచాల చప్పుడు ఇంట్లోకి వినిపించని రోజు లేదు. ఇప్పుడు ఆ చప్పుడు పలుచగా ఉంది. ముగ్గురికీ తెలుస్తోంది. టీ మరిగింది, పోసింది, తాగారు. చీకటి పడకముందే, లైటు వేసే వేళకు, చప్పుడు ఒక్కసారిగా చిక్కబడింది.

"రాజం పెట్టిండు," అన్నాడు దశరథం.

"పెట్టనీ. పిల్లగాండ్లున్నరు."

అతను మడత పెడుతున్న అంగీని వదిలి, తల కొంచెం పక్కకు వంచి విన్నాడు. పనికి పోవడం మానేసినప్పటి నుంచి అతని ముఖంలో కనిపించనిదేదో అప్పుడు కనిపించింది.

"మూడోది సరిగ కొడ్తలేదు. నాడె ఎగురుతది గట్లైతే. రాజం పోరని కండ్లకు తాకుతది. యూసుఫ్‌కు చెప్పాలె."

రాజమణి కొంగు చూసుకుంది. ఫ్యూజులకున్న మసి అక్కడ నల్లగా అంటుకొని ఉంది. రుద్దితే ఇంకా పాకింది.

"రేపు నేను చెప్త తియ్," అంది. "ఆసామిని నేనే కద."